పసుపు లైటు వెలిగి ఆరాలి

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,

కోరిక ముందు చెప్పుకుంటాను, కారణాలు తరవాత విన్నవిస్తాను. లారీకి ఫిట్‌నెస్ ఇచ్చే ప్రతిచోటా ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పించాలి. మీటర్ బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పరికరానిది) వెలిగిందా, వెలిగి తనంతట తాను ఆరిందా అని చూడాలి. చూసిన సంగతి కాగితం మీద రాయాలి. ఈ మేరకు మీరు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. లైటు ఆరకుండా ఉన్న బండికి రిపేరు కావాలని అందరికీ తెలుసు. అసలు వెలగని బండి సంగతే ఎవరికీ పట్టడం లేదు. ఆ బండి గురించే ఈ ఉత్తరం.

నేను లారీల కరెంటు పని చేసుకుని బతికేవాణ్ణి. మా కొల్లూరు మండలం 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. కాగితాల్లో జిల్లా మారినా మా రాకపోకలు మారలేదు. సామాను కోసం తెనాలి, ఇటు రేపల్లె, పెద్ద రిపేరైతే గుంటూరు లేదా విజయవాడ ఆటోనగర్. కృష్ణ కరకట్ట వెంబడి ఇటుక బట్టీలు, లంకల్లో అరటి, పసుపు, కంద, మొక్కజొన్న. ఏది పండినా ఏది కాల్చినా లారీ ఎక్కితేనే డబ్బు. కాబట్టి ఇక్కడ లారీ బ్రేకు గురించి మాట్లాడటం ఊరి కడుపు గురించి మాట్లాడటమే.

12 టన్నులు దాటిన లారీలన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2015లో. ఆ ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకి, అక్టోబరు నుంచి అప్పటికే తయారవుతున్న మోడళ్ళకి. ఇక్కడ మీరు ఒక్క లెక్క గమనించాలి. 2015, 2016ల్లో రోడ్డెక్కిన బండ్లకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు దాటాయి. అంటే ఏబీఎస్‌తో పుట్టిన తొలి తరం లారీలన్నీ ఏడాదికోసారి ఫిట్‌నెస్‌కి వచ్చే వయసులో ఉన్నాయి. మొదటి ఓనరు పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ అయి ఉండవచ్చు. అక్కడ కంపెనీ సర్వీసు, వారంటీ, రికార్డు పుస్తకం అన్నీ ఉండేవి. ఇప్పుడా బండి రెండు మూడు చేతులు మారి, మా దగ్గర ఇటుకలు మోసే చిన్న ఓనరు చేతికి వచ్చింది. బండితో పాటు లైటు కూడా వచ్చింది. దాని గురించి చెప్పేవాళ్ళు మాత్రం రాలేదు.

వెలగని లైటు ఎలా తయారవుతుందో చెప్తాను. ఏదో ఒక చక్రం దగ్గర దాని వేగం చూసే సెన్సరు సరిగ్గా పని చేయదు, లైటు పడుతుంది. బండి మామూలుగానే ఆగుతుంది, కాలికి తేడా తెలియదు. డ్రైవరు ఓనరుకి చెప్తాడు. “బ్రేకు పడుతోందా? పడుతుంటే ఇంకేం, లోడు దింపి రా” అంటాడు ఓనరు. అలా నెలలు గడుస్తాయి. ఫిట్‌నెస్ తేదీ దగ్గర పడ్డాక ఆ లైటు కనపడకుండా చేయాలన్న ఆలోచన పుడుతుంది. పాత మీటర్ బోర్డులైతే బల్బు పీకేస్తారు. కొన్నిటికి లోపలివైపు నల్ల టేపు అంటిస్తారు. పని బాగా తెలిసినవాళ్ళయితే ఆ లైటు వైరును కోసి ఆయిల్ ప్రెషర్ లైటుకో, చార్జింగ్ లైటుకో కలుపుతారు. అప్పుడు తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజను స్టార్టవగానే ఆరుతుంది. చూసే అధికారికి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంజను స్టార్టు చేయకుండా చూడమన్నది ఇందుకే. నిజమైన ఏబీఎస్ లైటుకి ఇంజనుతో పని లేదు. తాళం తిప్పగానే కంట్రోల్ యూనిట్ తన వైర్లనూ వాల్వుల కాయిళ్ళనూ ఒకసారి తడిమి చూసుకుంటుంది. అంతా బాగుంటే రెండు మూడు సెకన్లలో లైటు ఆర్పేస్తుంది. చాలా బండ్లలో ఆ సమయంలో చక్రాల దగ్గర మాడ్యులేటర్ వాల్వులు వరసగా టక్కు టక్కుమంటాయి. క్లీనరు కింద నిలబడి చెవి పెడితే వినపడుతుంది. ఇంజను తిరిగితేగాని ఆరని లైటు వేరే లైటుకి ముడేసిన లైటు. ఇది కనిపెట్టడానికి మిషన్లు అక్కర్లేదు, అర నిమిషం చాలు.

ఇందులో ఒక్క మినహాయింపు ఉంది. అది తెలియకపోతే మీ అధికారులు మంచి బండిని కూడా తిప్పి పంపేస్తారు. సెన్సరు చెడి, దాన్ని బాగు చేయించుకుని వచ్చిన బండిలో తాళం తిప్పినప్పుడు లైటు ఆరదు. కంట్రోల్ యూనిట్ కిందటిసారి చూసిన తప్పును గుర్తు పెట్టుకుంటుంది. చక్రం తిరిగి, సెన్సరు నుంచి మళ్ళీ సరైన సంకేతం వచ్చేదాకా నమ్మదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే వ్యవస్థల్లో బండి గంటకి 7 కిలోమీటర్ల వేగం దాటాక లైటు ఆరుతుంది. కాబట్టి ఆరని బండిని ఆవరణలోనే నాలుగు గజాలు నడిపించి చూడాలి. డ్రైవర్లకీ ఈ సంగతి తెలియాలి. రిపేరు చేయించాక కూడా లైటు ఉందని మెకానిక్‌తో తగువు పడి, మళ్ళీ సెన్సరు కొనిపించినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వచ్చాయి, చక్రాలను రోలర్ల మీద పెట్టి బ్రేకు బలం కొలుస్తున్నారు. అది మంచి మార్పు. అయితే ఆ రోలర్లు చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పుతాయి. ఆ వేగంలో ఏబీఎస్ పని మొదలే పెట్టదు. లైనర్లు, డ్రమ్ములు, చాంబర్లు బాగుంటే ఏబీఎస్ పూర్తిగా చచ్చిపోయిన బండి కూడా ఆ పరీక్షలో దర్జాగా పాసవుతుంది. ఇది మిషను లోపం కాదు, అది కొలిచేది వేరు. ఏబీఎస్ బతికి ఉందో లేదో అక్కడ చెప్పగలిగేది ఆ పసుపు లైటు ఒక్కటే. బ్రిటన్‌లో లారీల వార్షిక పరీక్షలో ఈ లైటు సరిగ్గా వెలిగి ఆరిందా లేదా అన్నది చూస్తారు. వెలగకపోయినా ఫెయిలే.

ఏబీఎస్ లేకపోతే ఏమవుతుందిలే, మా నాన్నల కాలంలో ఉందా అనేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకి జవాబు మా రోడ్లే చెప్తాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలో చాలా రోడ్లకి ఒక పక్క కాలవ ఉంటుంది. వరి కోతలప్పుడు ధాన్యం, ఆ తరవాత మొక్కజొన్న, రోడ్డు సగం మేర ఆరబోస్తారు. రైతుకి వేరే కళ్ళం లేదు, అతన్ని తప్పు పట్టలేం. బట్టీల కాలంలో ట్రాక్టరు టైర్లకి అంటుకొచ్చిన బంకమట్టి తారు మీద రాలుతుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే అది రోడ్డు కాదు. ఇలాంటి చోట లారీకి కుడి చక్రాలు గట్టి తారు మీద, ఎడమ చక్రాలు గింజల మీదో బురద మీదో ఉంటాయి. ఎదురుగా స్కూలు ఆటో వచ్చింది, డ్రైవరు బ్రేకు తొక్కాడు. తారు మీద చక్రం పట్టుకుంటుంది, గింజల మీద చక్రం బిగుసుకుపోయి జారుతుంది. బండి పట్టున్న వైపుకి తిరుగుతుంది. ముందు చక్రాలు రెండూ బిగుసుకుపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి దాని దారినే పోతుంది. ఆ దారి చివర కాలవ ఉండవచ్చు, మనిషి ఉండవచ్చు.

ఏబీఎస్ చేసేది ఈ బిగుసుకుపోవడాన్ని ఆపడమే. ఒక్కో చక్రం వేగాన్ని విడివిడిగా చూస్తూ, ఏ చక్రం జారబోతోందో దాని చాంబరులోంచి గాలి కొంచెం వదిలి మళ్ళీ పట్టిస్తుంది. సెకనులో కొన్నిసార్లు ఇలా చేస్తుంది. ముందు ఇరుసు మీద రెండు వైపుల బ్రేకుకీ ఒక్కసారిగా తేడా రాకుండా చూస్తుంది. అందుకే స్టీరింగు చేతిలోంచి గుంజుకుపోదు. బండి తక్కువ దూరంలో ఆగుతుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. వదులు ఇసుక మీద, కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి కాస్త ఎక్కువ దూరమే పోవచ్చు. ఆగే లోపల బండి డ్రైవరు మాట వింటుంది, దాని విలువ అది. లైనర్లు అరిగిపోయినా, లోడు పరిమితి దాటినా అది ఆదుకోలేదు.

డ్రైవర్లకి చెప్పాల్సింది మరొకటి ఉంది. పాతవాళ్ళకి బ్రేకును కొట్టి కొట్టి వదిలే అలవాటు, ఒకప్పుడు అదే నేర్పరితనం. ఏబీఎస్ బాగున్న బండిలో ఆపదొచ్చినప్పుడు గట్టిగా తొక్కి పట్టి ఉంచాలి. కొట్టి వదిలితే ట్యాంకులో గాలి ఖర్చవడం, పరికరం పనికి అడ్డం పడటం తప్ప లాభం లేదు. ఇక పసుపు లైటు పడితే ఏం చేయాలి? బండిని అక్కడే వదిలేయనక్కర్లేదు. లైటు పడిందంటే ఏదో ఒక చక్రానికో, అన్నిటికో ఏబీఎస్ తప్పుకుందని, మామూలు గాలి బ్రేకు మాత్రం ఉందని అర్థం. వేగం తగ్గించి, ముందు బండికి దూరం పెంచి, తడి రోడ్డు మీద మెత్తగా తొక్కుతూ వెళ్ళి చూపించుకోవాలి. గాలి తగ్గిందని చెప్పే ఎర్ర లైటు, బజరు వేరే సంగతి. అది మోగితే బండి అక్కడే, ఆ క్షణమే పక్కకి తీసి ఆపాలి. ఈ రెండు లైట్ల తేడా తెలియని కొత్త డ్రైవర్లు రోడ్డు మీద ఉన్నారు. బీఎస్-6 వచ్చాక మీటర్ బోర్డు మీద లైట్లు ఇంకా పెరిగాయి. దేనికి భయపడాలో, దేనికి తొందరపడాలో, దేన్ని సాయంత్రం దాకా ఆపవచ్చో చెప్పేవాళ్ళు లేక అన్నిటినీ ఒకేలా వదిలేస్తున్నారు.

ఇక రిపేరు గురించి. కమిషనర్ గారూ, ఈ భాగం మీరు ఓపిగ్గా చదవాలి. ఏబీఎస్ అనగానే కంప్యూటరు, వేల రూపాయలు, రెండు రోజులు బండి ఆగడం అని ఓనర్లు బెదిరిపోతున్నారు. ఆ భయమే బల్బు పీకిస్తోంది. నా చేతికొచ్చే బండ్లలో ఎక్కువ వాటికి జబ్బు చక్రం దగ్గరే ఉంటుంది, అదీ హబ్ గ్రీజింగ్ చేయించిన తరవాత పుట్టిందే.

చక్రం హబ్‌తో పాటు తిరిగే ఒక పళ్ళ రింగు ఉంటుంది. పెద్ద లారీలకి సాధారణంగా నూరు పళ్ళు. దాని ఎదురుగా కదలకుండా ఉండేది సెన్సరు, అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన వేలంత కడ్డీ. పన్ను దగ్గరికి వచ్చి పోయినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఎంత వేగంగా తిరిగితే అన్నిసార్లు పుడుతుంది. సెన్సరు మూతి పళ్ళని ఆనుకున్నంత దగ్గరగా ఉండాలి, మిల్లీమీటరు ఎడం కూడా ఎక్కువే. సెన్సరును బోల్టు వేసి బిగించరు. స్ప్రింగు క్లిప్పు ఉన్న బుష్‌లో బిరుసుగా కూర్చోబెడతారు. రింగు కొంచెం ఊగితే అదే వెనక్కి జరిగి, దెబ్బ తినకుండా తప్పుకునేందుకు ఆ ఏర్పాటు. దాని బలమూ బలహీనతా రెండూ అదే.

హబ్ గ్రీజింగ్ చేసేటప్పుడు డ్రమ్ము రాకపోతే సుత్తితో మోదుతారు, ఆ దెబ్బ రింగుకి తగిలి ఒక పన్ను వంగుతుంది లేదా చిట్లుతుంది. హబ్ తిరిగి ఎక్కించేటప్పుడు సెన్సరు వెనక్కి జరుగుతుంది. దాన్ని మళ్ళీ ముందుకి తోయాలని గ్రీజింగ్ చేసేవాడికి ఎవరూ చెప్పలేదు. మర్నాడు లైటు పడుతుంది. దీనికి మందు ఏమిటంటే సెన్సరును చేత్తో రింగుకి తగిలేదాకా తోయడం. అంతే. స్క్రూడ్రైవరు పెట్టి పొడవకూడదు, సుత్తి అసలే వద్దు. బుష్ ఎండిపోయి ఉంటే వేడికి తట్టుకునే గ్రీజు పూయాలి. సీలు కారి గ్రీజూ లైనరు పొడీ కలిసి పళ్ళ మధ్య గడ్డ కట్టి ఉంటే తుడవాలి. ఇందులో కొనాల్సిన సామానే లేదు.

అలా తోసినా వారం తిరిగేలోగా మళ్ళీ లైటు పడితే, అప్పుడు సెన్సరు మీద కోపం తెచ్చుకోకూడదు. బేరింగు లూజయి హబ్ ఊగుతోంది, ఊగిన ప్రతిసారీ సెన్సరును వెనక్కి నెడుతోంది. అంటే ఆ పసుపు లైటు బ్రేకు సంగతే కాక చక్రం సంగతి కూడా ముందుగా చెప్తోంది. బేరింగు పోయి చక్రం కాలిపోవడం, ఊడిపోవడం వరకూ వెళ్ళకముందే తెలిసే అవకాశం ఇది. బల్బు పీకినవాడు ఈ కబురు కూడా పీకేసుకున్నాడు.

సెన్సరు నిజంగా చచ్చిందో లేదో తేల్చుకోవడానికి కంపెనీ కంప్యూటరు అక్కర్లేదు, ప్రతి ఎలక్ట్రీషియను దగ్గరా ఉండే మల్టీమీటరు చాలు. తాళం తీసేసి సెన్సరు కనెక్టరు ఊడదీసి ఓములు చూడాలి. ఎక్కువ వాడకంలో ఉన్న రకాలకి 900 నుంచి 2000 లోపల రావాలి. తరవాత చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు సెకన్లకి ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పుతూ ఏసీ వోల్టేజీ చూడాలి. కనీసం 0.2 వోల్టు రావాలి. ఓములు బాగుండి వోల్టు రాకపోతే ఎడం పెరిగినట్టు, లేదా రింగు చెడినట్టు. చాలా మోడళ్ళలో డాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని ఒకటి రెండు సెకన్లు నొక్కి వదిలితే ఆ పసుపు లైటే మిణుకుమని అంకెలు చెప్తుంది. మొదటి విడత మిణుకులు ఏ రకం తప్పో, రెండో విడత ఏ చక్రమో చెప్తాయి. ఆ అంకెల పట్టిక ఇంగ్లీషు పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం మొదటి ఓనరు బీరువాలో ఉండిపోయింది.

వైరింగు చేతిపని కూడా చాలా బండ్లని చెడగొడుతోంది, నా వృత్తివాళ్ళ గురించే ఈ మాట అంటున్నాను. సెన్సరు నుంచి వచ్చే రెండు వైర్లు ఒకదానికొకటి పురి వేసి ఉంటాయి. పక్క వైర్ల గోల వాటిలోకి చొరబడకుండా అలా వేస్తారు. తెగినచోట ఆ పురి విప్పి, జానెడు వైరు వేరేది కలిపి, టేపు చుట్టేస్తే కంట్రోల్ యూనిట్‌కి పిచ్చి సంకేతాలు వెళ్తాయి. అలంకారం లైట్ల కోసం దొరికిన వైరుకి ముడేసేవాళ్ళు ఇంకొక తంటా. బాడీ పనుల్లో చాసిస్ మీద కరెంటు వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ వైర్లూ కంట్రోల్ యూనిట్ కనెక్టరూ తీయకపోతే, యూనిట్ కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నిజంగానే వేల రూపాయల మాట. ముందు వెనక టైర్ల సైజులో పెద్ద తేడా ఉన్నా లైటు పడుతుంది, టైర్లు మార్చిన మర్నాడే లైటు పడితే మొదట అది చూసుకోవాలి.

మా ప్రాంతానికి నీళ్ళ బాధ ప్రత్యేకం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చింది, బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ రాలేదు. లంకలూ బట్టీలూ మునిగాయి. అలా మునిగిన బండికి ఇంజనులో నీళ్ళు తీసి, ఆయిలు మార్చి నడుపుకుంటే సరిపోదు. చక్రాల దగ్గరి కనెక్టర్లలో బురద నీరు నిలిచిపోతుంది, రాగి పచ్చగా మారుతుంది, నెలల తరవాత ఒక్కొక్క సెన్సరూ సమ్మె కడుతుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్య, చేపల లోడు మోసే బండ్లకి వరద కూడా అక్కర్లేదు. పెట్టెల్లోంచి కారే ఉప్పు నీళ్ళే చాలు. ప్రభుత్వం వరద నష్టం రాసేటప్పుడు మునిగిన లారీల కనెక్టర్లు విప్పి శుభ్రం చేయించుకోమని ఒక్క సూచన ఇచ్చినా ఎన్నో బండ్లకి మేలు జరిగేది.

నిర్బంధంతో మాత్రమే ఈ లైటు సంగతి చక్కబడుతుందని నేను అనుకోవడం లేదు. అమెరికా అనుభవం ఒకటి మీ దృష్టికి తెస్తాను. 1975లో అక్కడి ప్రభుత్వం చక్రాలు బిగుసుకోకుండా లారీ ఆగాలని నియమం పెట్టింది. ఆనాటి పరికరాలు రోడ్డు మీద నమ్మకంగా పని చేయలేదు. డ్రైవర్లు భయపడ్డారు, లారీల వాళ్ళు కోర్టుకెళ్ళారు, 1978లో ఆ నియమంలోని ముఖ్య భాగాన్ని కోర్టు కొట్టేసింది. మళ్ళీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యేసరికి 1997 వచ్చింది. మధ్యలో 1981లో జర్మనీలో మెర్సిడెస్ లారీలకి వాబ్కో కంపెనీ చేసిన కొత్త తరం ఏబీఎస్ వచ్చి ఆ లోపాలు చాలావరకు తీర్చింది. రెండోసారి రాసిన నియమంలో అమెరికావాళ్ళు లైటుకి పెద్ద పీట వేశారు. క్యాబిన్‌లో లైటు తప్పనిసరి చేశారు. 1998 మార్చి నుంచి తయారైన ట్రెయిలర్లకి అయితే బయటివైపు కూడా, డ్రైవరుకి అద్దంలో కనిపించే చోట పసుపు లైటు పెట్టమన్నారు. పరికరం ఉండటం ఒక ఎత్తు, అది పని చేస్తోందని మనిషికి తెలియడం ఇంకొక ఎత్తు అని వాళ్ళు దెబ్బ తిని నేర్చుకున్నారు. మనం ఆ దెబ్బ తినకుండానే నేర్చుకోవచ్చు.

మీరు ఆదేశం ఇస్తే మొదట జరిగేదేమిటో నాకు తెలుసు. దారిలో ఆపి, లైటు చూసి, డ్రైవరు చేతిలో చలానా పెడతారు. దయచేసి అలా జరగనివ్వకండి. సెన్సరు కొనే డబ్బు డ్రైవరు చేతిలో ఉండదు, బండి ఆపే హక్కు కూడా ఉండదు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను లోపమున్న బండిని నడిపినవాణ్ణి మాత్రమే కాదు, నడిపించినవాణ్ణీ, నడపనిచ్చినవాణ్ణీ కూడా బాధ్యుణ్ణి చేస్తోంది. దాన్ని ఓనరు వైపు కూడా చూపించండి. లైటు వెలుగుతూ వచ్చిన బండికి పదిహేను రోజులు గడువు ఇవ్వండి, రిపేరు చేయించి చూపించమనండి. ఆ ఓనరు కనీసం లైటును బతకనిచ్చాడు. బల్బు పీకి, వైరు ముడేసి తెచ్చిన బండికి మాత్రం గడువు వద్దు, ఫిట్‌నెస్ ఆపేయండి. ఈ రెంటికీ మధ్య తేడా మీ కాగితాల్లో స్పష్టంగా కనిపించిన రోజు, లైటు చంపడం కన్నా బాగు చేయించడమే చవక అని ఓనర్లకి అర్థమవుతుంది. ఇప్పుడు దానికి తలకిందులుగా ఉంది. వెలిగే లైటుతో వచ్చినవాణ్ణి తిప్పి పంపుతున్నారు, ఆర్పుకుని వచ్చినవాడు సర్టిఫికెట్‌తో వెళ్తున్నాడు.

దానితో పాటు తెలుగులో ఒక్క పేజీ కాగితం అచ్చు వేయించండి. పుస్తకాలు వద్దు, ఎవరూ చదవరు. పసుపు లైటు, ఎర్ర లైటు తేడా; సెన్సరు చేత్తో తోసే పద్ధతి బొమ్మతో; మల్టీమీటరు అంకెలు; వెల్డింగుకి ముందు తీయాల్సిన కనెక్టర్లు; వెనకవైపు మిణుకుల పట్టిక, కంపెనీకి ఒకటి చొప్పున. టాటా, అశోక్ లేలాండ్, ఐషర్, భారత్‌బెంజ్ వాళ్ళని అడిగితే ఆ పట్టికలు ఇవ్వకపోరు. ఆ కాగితం మీ కార్యాలయాల గోడ మీద ఉంటే లాభం లేదు. గ్రీజింగ్ షెడ్లకీ, టైరు షాపులకీ, బాడీ షెడ్లకీ, వాటర్ సర్వీసింగ్ చేసే చోట్లకీ వెళ్ళాలి, ఎందుకంటే సెన్సరును ముట్టుకునేది వాళ్ళే. ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్, ఎలక్ట్రీషియన్ పిల్లలకి ఒక పాత హబ్, ఒక రింగు, ఒక సెన్సరు బల్ల మీద పెట్టి ఒక పూట చేయిస్తే చాలు. హెవీ లైసెన్సు పరీక్షలో తాళం తిప్పి “ఈ లైటు ఏమిటి, ఎప్పుడు ఆరాలి?” అని అడిగే ఒక్క ప్రశ్న చేర్చండి.

బట్టీల పని డిసెంబరు, జనవరుల్లో మొదలవుతుంది. అక్కణ్ణుంచి వానల దాకా కరకట్ట మీద రాత్రీ పగలూ లారీలే. ఆ సీజనుకి ముందు, నవంబరులో, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లారీలకి ఒక రోజు క్యాంపు పెట్టించండి. జరిమానాలు లేవని ముందే చాటింపు వేయించండి. మల్టీమీటర్లు మేం తెచ్చుకుంటాం, జాకీలు మా దగ్గర ఉన్నాయి, కూలి అడగం. మీరు పంపాల్సింది ఒక ఇన్‌స్పెక్టరును, ఆ తెలుగు కాగితాల కట్టను.

ఇట్లు,
కొల్లూరు లారీ ఎలక్ట్రీషియన్ ఒకరు